కృత్రిమ తైలమా, బ్యాటరీయా?

డీసెలు పొగను తగ్గింపవలెనని లోకమంతటను యత్నములు సాగుచున్నవి. అందు రెండు మార్గములు ముఖ్యమైనవి. మొదటిది బ్యాటరీతో నడచు బండి. రెండవది కరెంటుతో తయారుచేసిన కృత్రిమ తైలముతో నడచు బండి. బండి కొనుట రైతునకు పెద్ద వ్యయము గనుక, వీని లాభనష్టములను సభ్యులకు తెలుపుచున్నాము.

కృత్రిమ తైలము క్రొత్తది కాదు. 1925 ప్రాంతమున జర్మనీదేశములో ఫిషర్, ట్రోప్ష్ అను శాస్త్రజ్ఞులు బొగ్గునుండి వచ్చు వాయువులను తైలముగా మార్చు విధానమును కనుగొనిరి. ఇప్పుడు బొగ్గునకు బదులుగా, నీటిని కరెంటుతో విడదీసి ఉదజనిని తీసి, దానిని బొగ్గుపులుసు గాలితో కలిపి తైలము చేయుచున్నారు. 2022లో చిలీదేశమున గాలిమర కరెంటుతో ఇట్టి కర్మాగారమొకటి పని ప్రారంభించినది. ఈ తైలమునకు క్రొత్త ఇంజను అక్కరలేదు. ఇది దాని గొప్ప గుణము.

ఇక లెక్క చూతము. లీటరు డీసెలునందు ఇంచుమించు 10 యూనిట్ల శక్తి గలదు. అట్టి లీటరు కృత్రిమ తైలము చేయుటకు 20 యూనిట్లకు పైగా కరెంటు పట్టును. సగము శక్తి టాంకులో పడకమునుపే పోయినది. మిగిలినదానిలో మూడింట రెండుపాళ్లు ఇంజనులో వేడిమిగా పోవును. తుదకు చక్రమునకు చేరునది నూటికి సుమారు 15 పాళ్లు. బ్యాటరీ బండిలో నూటికి 70 పాళ్లకు పైగా చేరును. దూరపు మట్టికాలువలో పారిన నీరు దారిలోనే ఇంకి, మడికి కొంచెమే చేరుట రైతులెరిగినదే గదా!

మన దేశపు కరెంటులో ఎక్కువభాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నది. ఆ కరెంటుతో కృత్రిమ తైలము చేసినచో, డీసెలు మండించినదానికంటె నెక్కువ బొగ్గుపులుసు గాలి వెలువడును.

అయినను బ్యాటరీకి బరువొక లోపము. 50 లీటర్ల డీసెలు 42 కిలోలు తూగును. అంత పని చేయు బ్యాటరీ సుమారు ఒక టన్ను తూగును. కావున విమానములకు, దూరము పోవు ఓడలకు కృత్రిమ తైలమే తగియుండవచ్చును. దినమంతయు దుక్కిదున్ను పెద్ద ట్రాక్టరునకును బ్యాటరీ కష్టమే. పాలు, కూరగాయలు దగ్గరి పట్టణమునకు చేర్చు ఆటోకు మాత్రము బ్యాటరీయే మేలు.

అప్పుచేసి బండి కొనువారు మూడు సంగతులు విచారింపవలయును: దినమునకు నడచు దూరము, మోయు బరువు, బ్యాటరీకి అమ్మువారు వ్రాసియిచ్చు హామీకాలము. ఈ మూడును సరిపడినచో, చౌక తైలము వచ్చునని వేచియుండ పనిలేదు.