విలేకరి కావాలనుకునే మన పిల్లలకు

పెద్దయ్యాక ఏమవుతారో తెలుగులో ఒక పేజీ రాయమని ప్రతి ఏడూ మా పెద్ద పిల్లల తరగతిలో అడుగుతాం. డాక్టర్లు, ఇంజనీర్లు ఎలాగూ ఉంటారు. ఈసారి ఒక అమ్మాయి "నేను విలేకరి అవుతాను" అని రాసింది. తరగతి అయ్యాక వాళ్ల నాన్నగారు మా దగ్గరికి వచ్చి, "మేమింకా హెచ్-1 మీదే ఉన్నాం. జర్నలిజం చదివితే ఇక్కడ ఉద్యోగం దొరుకుతుందా అండీ?" అని అడిగారు. ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత తెలుసుకున్న సంగతులు ఇక్కడ పాఠంగా రాస్తున్నాం. ఇండియా నుంచి ఈ చదువుకే రావాలనుకునే మన చుట్టాల పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది.

ముందు కొంచెం చరిత్ర

1908లో వాల్టర్ విలియమ్స్ మిస్సోరీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం కళాశాల ప్రారంభించారు. అమెరికాలో అదే మొదటిది. అదే ఏడాది అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. అప్పట్లో బొంబాయి తెలుగువాళ్లకు పరాయి ఊరే. సొంత ఊరికి దూరంగా ఉన్నా సొంత భాషలో పత్రిక నడపవచ్చని ఆయన చూపించారు.

పులిట్జర్ బహుమతి పేరు మీరు వినే ఉంటారు. ఆ జోసెఫ్ పులిట్జర్ హంగరీలో పుట్టి, 1864లో అమెరికాకు వలస వచ్చాడు. అప్పటికి ఆయనకు ఇంగ్లీషు సరిగా రాదు. సెయింట్ లూయిస్‌లో ఆయనకు మొదటి విలేకరి ఉద్యోగం ఇచ్చింది ఒక జర్మన్ భాషా పత్రిక. ఆయన ఇచ్చిన సొమ్ముతోనే 1912లో కొలంబియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం కళాశాల ఏర్పడింది. అదే 1912లో ఢిల్లీ నుంచి గోవింద్ బిహారీ లాల్ అనే యువకుడు బర్క్‌లీకి చదువుకోవడానికి వచ్చాడు. తర్వాత సైన్సు విలేకరిగా పేరు తెచ్చుకుని, 1937లో మరి నలుగురితో కలిసి పులిట్జర్ బహుమతి అందుకున్నాడు.

చదువు ఎలా ఉంటుంది?

జర్నలిజంలో పుస్తకం కంటే పని ముఖ్యం. మిస్సోరీ విద్యార్థులు కొలంబియా మిస్సోరియన్ పత్రికలోనూ, కోము టీవీ కేంద్రంలోనూ నిజమైన వార్తలే తయారుచేస్తారు. ఊరి కౌన్సిల్ సమావేశానికి వెళ్లడం, కోర్టు కాగితాలు చదవడం, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరిని అడిగి రూఢి చేసుకోవడం అక్కడ నేర్పుతారు. ఇప్పుడు అంకెలను విశ్లేషించే డేటా జర్నలిజం కూడా ఉంది.

ఖర్చు సంగతి ముందే చూసుకోవాలి. విదేశీ విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ విద్యార్థి సాయం, అప్పులు అందవు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజులను, కళాశాలలు సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్పులను పోల్చి చూడండి.

వీసా లెక్కలు

హెచ్-4 మీద ఉన్న పిల్లలు చదువుకోవచ్చు కానీ జీతం తీసుకునే పని చేయకూడదు. 21 ఏళ్లు నిండితే ఆ హెచ్-4 కూడా ఉండదు. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే, చాలామంది ఎఫ్-1కి మారతారు. అంటే ఇక్కడే ఒకటో తరగతి చదివిన బిడ్డ కూడా ఒకరోజు "విదేశీ విద్యార్థి" అవుతుంది. ఆ నాన్నగారి బెంగ అదే.

ఎఫ్-1 విద్యార్థికి చదువు అయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేసే వీలుంటుంది. అందులో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సైన్సు, ఇంజనీరింగు, లెక్కల వంటి స్టెమ్ కోర్సులకు ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంది. మామూలు జర్నలిజం డిగ్రీ ఆ జాబితాలో లేదు.

తేడా ఎంతో చూడండి. హెచ్-1బి పేర్ల నమోదు ఏటా మార్చిలో జరుగుతుంది. మేలో పట్టా పుచ్చుకున్న జర్నలిజం విద్యార్థికి ఓపీటీలో ఒక్క మార్చే వస్తుంది. స్టెమ్ విద్యార్థికి మూడు వస్తాయి. ఏడాదికి ఇచ్చేవి 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. పైగా పత్రికల్లో ఉద్యోగాలు గత ఇరవై ఏళ్లలో బాగా తగ్గాయి. చిన్న పత్రికలు వీసా ఖర్చు పెట్టుకోవడానికి సాధారణంగా ముందుకు రావు.

రూల్సు కూడా మారుతుంటాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. అందుకని విన్న మాట మీద ఆధారపడకుండా, కళాశాలలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో ఎప్పటికప్పుడు అడగాలి.

మరి దారి ఏది?

మొదటిది, జోడు చదువు. జర్నలిజంతో పాటు కంప్యూటర్ సైన్సో, స్టాటిస్టిక్సో, బయాలజీయో చదవండి. కొలంబియాలో జర్నలిజం, కంప్యూటర్ సైన్సు కలిపి చేసే కోర్సు కూడా ఉంది. చేరే ముందు, ఐ-20 కాగితం మీద పడే కోర్సు కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో అడగండి.

రెండవది, విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలకు హెచ్-1బి వార్షిక పరిమితి వర్తించదు. చాలా పబ్లిక్ రేడియో కేంద్రాలు విశ్వవిద్యాలయాలవే. అక్కడ కూడా ప్రయత్నించండి.

మూడవది, ఇండియా దారి. ఇక్కడ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద అక్కడికి వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2021 మార్చి ఉత్తర్వు ప్రకారం ఓసీఐ కార్డుతో అక్కడ పాత్రికేయ వృత్తి చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

నాలుగవది, మన తెలుగు. పులిట్జర్‌కి మొదటి విలేకరి ఉద్యోగం తెచ్చింది ఇంగ్లీషు కాదు, జర్మన్ భాష. రేపు ఎన్నికల గురించో, చేనేత గురించో రాయాల్సి వస్తే, తెలుగు వచ్చిన విలేకరి నేరుగా మనుషులతో మాట్లాడగలదు. రానివారు ఇంకొకరి అనువాదం మీద ఆధారపడాలి.

ఆ నాన్నగారికి మా జవాబు ఇది: దారి ఇరుకే, కానీ మూసుకుపోలేదు. అమ్మాయిని వద్దనకండి. ఈ లెక్కలన్నీ పన్నెండో తరగతికి ముందే ఆమెతో కలిసి కూర్చుని వేయండి. స్కూలు పత్రికలో రాయమనండి, దానికి ఏ వీసా అడ్డురాదు.

పిల్లలూ, ఇది చేయండి

ఈ ఆదివారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, వాళ్ల చిన్నప్పటి ఊరి గురించి తెలుగులో అయిదు ప్రశ్నలు అడగండి. విన్నది పది వాక్యాల్లో రాయండి. పేర్లు, సంవత్సరాలు ఇంట్లో ఇంకొకరిని అడిగి సరిచూడండి. వచ్చే తరగతికి తీసుకురండి. అందరి ముందూ మీ చేతే చదివిస్తాం.