గ్యాసా, పెల్లెట్ పొయ్యా?

ప్రశ్న: గోదావరిఖనిలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. గ్యాస్ మానేసి పెల్లెట్ పొయ్యి పెడితే ఏమైనా మిగులుతుందా?

జవాబు: ముందు వేడి లెక్క చూడండి. కిలో గ్యాస్‌లో సుమారు 11,000 కిలో కేలరీలుంటాయి. మంచి పెల్లెట్లలో (రంపపు పొట్టు, పంట వ్యర్థాలను గట్టిగా నొక్కి చేసిన ముక్కలు) దాదాపు 4,000. గ్యాస్ పొయ్యి అందులో 60 శాతం, ఫ్యాన్ ఉన్న పెల్లెట్ పొయ్యి 35 శాతం గిన్నెకు అందిస్తాయనుకుంటే, 19 కిలోల సిలిండర్‌కు సుమారు 90 కిలోల పెల్లెట్లు సమానం. సిలిండర్ ధరను 90తో భాగించండి. రవాణాతో సహా కిలో అంతకంటే బాగా తక్కువకు పడితేనే లాభం. పొయ్యి ఖరీదు, ఫ్యాన్ కరెంటు, బూడిద తీసే కూలీ కూడా కలపండి. వానకు తడిస్తే పెల్లెట్లు పొట్టయిపోతాయి. పొగగొట్టం తప్పనిసరి. మీది బొగ్గు గనుల ప్రాంతం కాబట్టి బొగ్గు చౌకే కావచ్చు, కానీ గాలాడని వంటగదిలో బొగ్గయినా పెల్లెట్లయినా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.