నాబోతు తోట, పాలకుర్తి పొలము

చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 21, మత్తయి 17:24–27, రోమా 6



అహాబు రాజు కథ మన ఆదివారపు బడి పిల్లలకు సైతము తెలిసినదే. అయినను ఈ మాసము దానిని నిదానముగా మరల చదువుడి. తోట ఇయ్యనని నాబోతు చెప్పినప్పుడు అహాబు ఏమి చేసెను? మంచముమీద పండుకొని, ముఖము త్రిప్పుకొని, అన్నము మానెను. ఒకని పిత్రార్జితమును బలవంతముగా పుచ్చుకొనుటకు ఇశ్రాయేలు రాజునకు అధికారము లేదని అతడెరుగును. ఎరుగును గనుకనే అలిగెను. యెజెబెలు సీదోను రాజు కుమార్తె. రాజునకు అడ్డేమి అన్నదే ఆమె తలంపు.

అయితే ఆమె చేసిన పని చూడుడి. బంటులను పంపి తోట లాగుకొనలేదు. రాజు పేరట తాకీదులు వ్రాసి, ముద్ర వేసి, ఉపవాసదినము చాటించి, ధర్మశాస్త్రము కోరినట్లే ఇద్దరు సాక్షులను నిలువబెట్టించెను. నాబోతును ఊరి వెలుపల రాళ్లతో కొట్టి చంపిరి. అంతయు పద్ధతిగానే జరిగినది. సాక్ష్యము మాత్రము అబద్ధము. చట్టము తనకు లేదనువాడు దానిని పారవేయడు, ఎదుటివాని మెడకు బిగించును. తాకీదు త్రిప్పి పంపిన పెద్ద యెజ్రెయేలులో ఒక్కడును కనబడడు. నాకు అన్నిటికంటె బాధ కలిగించునది అదే.

మన ప్రాంతమునకు ఇది క్రొత్త కథ కాదు. విసునూరు నాడు నల్గొండ జిల్లాలోని జనగామ తాలూకాలోనిది, నేడు జనగామ జిల్లాలోనిది. అక్కడి గడీనుండి దేశముఖు రామచంద్రారెడ్డి పెక్కు గ్రామములపై పెత్తనము చేసెను. అతని భూములు 40,000 ఎకరములని చెప్పుదురు. వెట్టి కూడదని నిజాము ప్రభుత్వపు ఆజ్ఞలు కాగితముమీద ఉండెను. కాని వాటిని ఊరిలో నడిపింపవలసిన పటేలు, పట్వారీ దొర మాట జవదాటనివారు. మాదిగ చెప్పులు కుట్టవలెను, చాకలి బట్టలుదుకవలెను, కుమ్మరి కుండలియ్యవలెను, కూలి అడుగరాదు. మన సంఘములలోని అనేకుల తాతముత్తాతలు ఆ వెట్టి మోసినవారే.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమి దున్నుకొని బ్రదుకుచుండెను. చాకలి స్త్రీ ఒకతె తనకు లొంగక పంట పండించుట దొరకు గిట్టలేదు. భూమి తనదనెను, కేసులు పెట్టించెను, పంట కోసికొని రమ్మని మనుష్యులను పంపెను. ఆంధ్ర మహాసభవారు (ఆ పల్లెలలో ‘సంఘం’ అనగా అదియే, మన క్రైస్తవ సంఘము కాదు) కఱ్ఱలు పట్టి వచ్చి, ఆ ధాన్యమును ఆమె యింటికే చేర్చిరి. కోర్టులోను దొర వాదము నెగ్గలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుష్యుల తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆ పిమ్మట సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకు సాగెను. అందులో ఇరువైపుల చిందిన రక్తమునకు నేను తీర్పరిని కాను. ఐలమ్మ మాత్రము 1985 వరకు జీవించెను.

1950లో మన రాజ్యాంగము అమలునకు వచ్చెను. 14వ అధికరణము చట్టము ఎదుట అందరును సమానులని చెప్పుచున్నది. 23వది వెట్టిని నిషేధించుచున్నది. అయినను 1976లో వెట్టిచాకిరి నిర్మూలనకు మరియొక చట్టము చేయవలసివచ్చెను. కాగితమునకును ఊరికిని మధ్య అంత దూరమున్నది.

దొరలను గూర్చి వినుట మనకు ఇంపుగానే ఉండును. ఇక మన యింటికి వచ్చెదము.

మొన్నటి వేసవిలో ఒక కుటుంబమువారు పదునారేండ్ల పిల్లకు పెండ్లి జరిపింపుమని నాయొద్దకు వచ్చిరి. పిల్ల పెదనాయన, కానుక తప్పని విశ్వాసి, ఇట్లనెను: “అయ్యగారూ, గా చట్టం లోకులకు గదా. మనం కృపల ఉన్నోళ్లం. దేవుని ముంగట జరిగే పెండ్లికి సర్కారుతోని ఏం పని?”

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమును విప్పి చెప్పితిని. పిల్లకు 18, పిల్లవానికి 21 ఏండ్లు నిండవలెను. పెండ్లి జరిపించినవానికి రెండేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. పాదిరికి మినహాయింపు లేదు. “జైలుకు భయపడుతున్నరా అయ్యగారూ?” అనెను. “భయమే. కాని ముందు పిల్లను అడుగు” అంటిని. ఆమె తలవంచుకొని, చదువుకొందునని చెప్పెను. నేటికిని ఆ పెదనాయన నాతో సరిగా మాటలాడడు. పిల్ల మాత్రము ప్రతి ఉదయము కాలేజీకి బస్సెక్కుచున్నది.

కృప విస్తరించునట్లు పాపములో నిలిచియుందుమా అని పౌలు రోమీయులను అడిగినది ఇట్టివారి నిమిత్తమే. కృప పాపమునుండి విడిపించును. పొరుగువాని యెడల మన బాధ్యతనుండి కాదు. కపెర్నహూములో మన ప్రభువును చూడుడి. దేవాలయపు అరషెకెలు పన్ను అడిగిరి. కుమారులు పన్ను కట్టనక్కరలేదని ఆయనే పేతురుతో తేల్చి చెప్పెను. నిజముగా మినహాయింపు గలవాడు ఆయన ఒక్కడే. అయినను వారికి అభ్యంతరము కలుగకుండునట్లు గాలము వేయించి, చేపనోట దొరికిన నాణెముతో తన పన్నుతోపాటు పేతురు పన్నును కట్టించెను.

ఈ మాసపు గృహకూటములలో ద్వితీయోపదేశకాండము 17:14–20 చదివి, రాజు తన కొరకు ధర్మశాస్త్రపు ప్రతిని వ్రాసికొనవలెనని దేవుడేల కోరెనో మాటలాడుకొనుడి. యౌవనస్థులు చదువురాని పెద్దలకు రాజ్యాంగములోని ఆ రెండు అధికరణములను చదివి వినిపింపవలెను.