తల పెద్దదైన మైత్రేయుడు

ఈసారి గోడపత్రికకు శిల్పం మీద రాస్తానని మేడమ్‌తో అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఒక కొరియా విగ్రహం. దాన్ని ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. ఫొటో మొదటిసారి చూసినప్పుడు నవ్వేశాను.

దక్షిణ కొరియాలో నొన్‌సాన్ దగ్గర క్వాన్‌చొక్‌సా అనే బౌద్ధాలయం ఉంది. అక్కడ ఆరుబయట నిలబడి ఉన్న రాతి విగ్రహాన్ని జనం ఉన్‌జిన్ మిరుక్ అంటారు. మిరుక్ అంటే మైత్రేయుడు, రాబోయే బుద్ధుడు. ఎత్తు 18 మీటర్ల పైచిలుకు. కొర్యో రాజు క్వాంగ్‌జొంగ్ కాలంలో, 968లో హ్యేమ్యొంగ్ అనే భిక్షువు మొదలుపెట్టాడని, 1006లో పూర్తయిందని చెబుతారు. అంటే 38 ఏళ్ల పని!

చూస్తే తల ఒంటికి మించి పెద్దది. వెడల్పు ముఖం, పొడవాటి కళ్లు, లావు పెదవులు. నెత్తిన గొట్టంలాంటి ఎత్తైన కిరీటం, దానిపైన ఒకదాని మీద ఒకటి రెండు పలకల గొడుగులు. ఒళ్లేమో స్తంభంలా తిన్నగా ఉంటుంది, బట్ట మడతలు కూడా నాలుగు గీతలే. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసిన కళ్లు కదా నావి, ఆ కొలతతోనే దీన్నీ కొలిచాను. చాలాకాలం కొరియా కళాచరిత్రకారులు కూడా దీన్ని మొరటు పని అన్నవాళ్లే.

గ్రానైట్ గట్టిరాయి, అందుకే నాజూకుగా చెక్కలేకపోయారేమో అని సరిపెట్టుకోబోయాను. కానీ ఆ మాట నిలవదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే సిల్లా శిల్పులు సొక్కురామ్ గుహాలయంలో అదే గ్రానైట్‌తో ఎంతో మృదువైన బుద్ధుణ్ణి చెక్కారు. కాబట్టి ఇక్కడ చేతకాలేదని అనలేం, వీళ్లు కోరుకున్నదే వేరు. సొక్కురామ్ బుద్ధుడు లోపల, దగ్గరగా చూడాల్సినవాడు. ఈయన కొండవాలున ఆకాశం కింద నిలబడి దూరం నుంచే కనబడాలి. పైగా ఆ ప్రాంతం, 936లో ఓడిపోయేదాకా కొర్యోకు శత్రురాజ్యంగా ఉన్న నేల. అక్కడ అందం కంటే బలం చూపించాలని కొత్త రాజ్యం అనుకుని ఉంటుందని నాకనిపిస్తోంది.

ఇంత బరువైన రాళ్లను పైకెలా ఎత్తారు? దీనికో ముచ్చటైన కథ చెబుతారు. దారి తోచక తిరుగుతున్న శిల్పికి మట్టిబొమ్మలతో ఆడుకుంటున్న పిల్లలు కనిపించారట. వాళ్లు కింది ముక్కను నిలబెట్టి, చుట్టూ ఇసుక పోసి, ఆ వాలు మీదుగా పై ముక్కను జరిపారట. ఆయనా అలాగే చేశాడు.

కంటిపాపలకు మాత్రం నల్లరాయిని విడిగా పొదిగారు. 2018లో ఈ విగ్రహాన్ని కొరియా జాతీయ నిధిగా ప్రకటించింది. పక్కన అంటించిన ఫొటోను ఒకసారి కింద కూర్చుని, తల పైకెత్తి చూడండి. నాకు నవ్వు ఆగిపోయింది అలా చూసినప్పుడే.