తాత పడవకు ఫైబర్ పూత వద్దు

ప్రశ్న: మాది కొల్లాపూర్ దగ్గరి సోమశిల. తాత కృష్ణలో నడిపిన చెక్క పడవ కొన్నేళ్లుగా ఒడ్డునే ఉంది. పలకల మధ్య సందులు పడ్డాయి. ఫైబర్ పూత వేయిస్తే నిలుస్తుందా?

జవాబు: వేయించకండి. పాత చెక్కకు ఫైబర్ తొడిగితే చెమ్మ బయటికి పోదు, చెక్క లోలోపలే కుళ్లుతుంది. సముద్రంలో ఓడలను తొలిచే పురుగు మన కృష్ణ మంచినీటిలో బతకదు, అది మీ అదృష్టం. ఇక్కడి శత్రువులు ఎండ, చెదలు, పడవ అడుగున నిలిచే వాననీరు. శ్రీశైలం జలాశయం నీరు వేసవిలో వెనక్కి పోయినప్పుడు బురదలో కూరుకుపోవడమూ చేటే.

ముందు నీడకు చేర్చి, అడుగంతా ఆనేలా ఎత్తు మీద నిలపండి. పైన కప్పు వేసినా గాలి ఆడనివ్వండి. చాకు మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగిన చోట పలక మార్చాల్సిందే, వీలైతే అదే జాతి కలపతో.

సందులన్నీ కుళ్లు కాదు, ఎండకు చెక్క ముడుచుకున్నవే ఎక్కువ. వాటిని బిగించి కూరితే, నానిన పలకలు ఉబ్బి మేకులను లాగేస్తాయి. నూలు పేలికలు వదులుగా పెట్టి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తే చాలు. తర్వాత లోతు లేని చోట కట్టి రెండు మూడు రోజులు నాననివ్వండి.

పుట్టి అల్లేవారు మన వైపు ఉన్నారు గానీ పడవ వడ్రంగులు తక్కువ. దొరకకపోతే, చెక్క ఓడలకు పేరుపడ్డ కాకినాడ దగ్గరి తాళ్లరేవులో వాకబు చేయండి. జనాన్ని ఎక్కించే ఆలోచన ఉంటే మాత్రం అధికారుల తనిఖీ, మనిషికో లైఫ్ జాకెట్ లేకుండా నీటిలోకి దించవద్దు.