మొలలు ఉన్నవారికి మలపరీక్షలో రక్తం కనిపిస్తే

మొలల జబ్బును యునానీలో బవాసీర్ అంటాము. నెత్తురు పడితే ఖూనీ బవాసీర్, పడకపోతే బాదీ బవాసీర్. భివండీలో దీనికి కొదవ లేదు. సాంచాల దగ్గర పన్నెండు గంటలు నిలబడే పని, నీళ్లకంటే చాయ్ ఎక్కువ, పైగా మలబద్ధకం. గల్లాపెట్టె ముందు పొద్దంతా కూర్చునే సేట్లకూ ఇదే బాధ.

ఇటువంటివారి మలపరీక్షలో రక్తం ఉందని రిపోర్టు వస్తే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "అబ్బాకు మొలలున్నాయి కదా, అదే అయివుంటుంది." కావచ్చు. కాని ఆ రక్తం ఎక్కడిదో ఆ పరీక్ష చెప్పదు. మొలలున్న మనిషికి పెద్దపేగులో కణితి రాకూడదని లేదు, రెండూ కలిసి ఉండవచ్చు.

పాత పరీక్ష గ్వయాక్ అనే చెట్టు బంకతో చేస్తారు, 1864 నాటి పద్ధతి. మాంసం, ముల్లంగి తిన్నా అందులో తప్పు ఫలితం రావచ్చు. విటమిన్ సి మాత్రలు ఎక్కువైతే ఉన్న రక్తం కూడా తేలకపోవచ్చు. కొత్తదైన ఫిట్ పరీక్ష మనిషి రక్తాన్నే పట్టుకుంటుంది కనుక ముందురోజు పాయా తిన్నా ఫరవాలేదు. అయితే మొలల నెత్తురు కంటికి కనిపిస్తున్న రోజుల్లో, ఆడవారు నెలసరి రోజుల్లో శాంపిల్ ఇవ్వరాదు. ఈ పరీక్ష కనిపించని రక్తం కోసం. కనిపించే నెత్తురుకు నేరుగా డాక్టరుకు చూపించాలి.

పాజిటివ్ వచ్చాక మళ్లీ పరీక్ష చేయించి, ఈసారి నెగెటివ్ వచ్చిందని సంతోషపడతారు కొందరు. కణితి రోజూ నెత్తురు కార్చదు. పాజిటివ్ వస్తే తరువాత చేయవలసింది కొలొనోస్కోపీయే. అందులో పాలిప్ అనే చిన్న కండ కనబడితే చాలాసార్లు అక్కడే తీసేస్తారు.

మా మందుల సంగతి కూడా చెప్పాలి. హబ్బె రసౌత్‌తో నెత్తురు ఆగినంత మాత్రాన అది మొలల నెత్తురే అని రుజువు కాదు. కుష్తా ఫౌలాద్ వాడేవారికి మలం నల్లబడుతుంది, అది ఇనుము రంగు. తారులా జిగటగా, దుర్వాసనతో పోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

45, 50 ఏళ్లు దాటినవారు, రక్తం తక్కువైనవారు, కారణం లేకుండా బరువు తగ్గినవారు, మలవిసర్జన అలవాటు మారినవారు మొలల మీద నెట్టి కూర్చోకూడదు. వీరికి ఫిట్ నెగెటివ్ వచ్చినా డాక్టరు సలహా తప్పదు. అమ్మీలు సిగ్గుతో ఈ మాట ఇంట్లో కూడా చెప్పరు. కూతుళ్లు, కోడళ్లు అడగాలి. లేడీ డాక్టరు కావాలని ముందే చెప్పవచ్చు. మొదట ఊళ్లోని ఇందిరా గాంధీ ఆసుపత్రిలో చూపించి, వారు రాసిస్తే పరేల్‌లోని కె.ఇ.ఎం.కు వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మాజూన్ల పేర్లు వెంట తీసుకువెళ్లండి.