పాస్‌వర్డు నెలనెలా మార్చితే భద్రమేనా?



పాల కొలత, వెన్న శాతం, పక్షం బిల్లు అన్నీ ఒకప్పుడు రిజిస్టరులోనే వ్రాసేవారు. ఇప్పుడు చాలా సంఘాలలో అవి కంప్యూటరులోకి ఎక్కినవి. బీరువాకు తాళంచెవి ఎట్లాగో కంప్యూటరుకు పాస్‌వర్డు అట్లాగు. అది పరుల చేతిలో పడితే సభ్యుల కష్టార్జితానికే ముప్పు. "నెలనెలా మారుస్తున్నాం, భయం లేదు" అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం ఎంతవరకు సబబో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మార్చినా మారనిది

నెలనెలా కొత్తది గుర్తుంచుకోవడం ఎవరికైనా కష్టమే. అందుచేత ఈ నెల "గౌరి1" అన్నది వచ్చే నెల "గౌరి2" అవుతుంది. లేదా గోడమీది క్యాలెండరుకు ఎక్కుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో దీనిని పరిశీలించారు. పాత పాస్‌వర్డు తెలిస్తే చాలు, నూటికి 17 ఖాతాలలో తర్వాతిదానిని అయిదు ప్రయత్నాల లోపే ఊహించగలిగారు. ఆ దేశపు ప్రమాణాల సంస్థ కూడ 2017లో తన సలహా మార్చుకున్నది. ఊరకనే గడువు పెట్టి మార్పించవద్దనీ, బయటపడినట్లు ఆధారం ఉంటే మాత్రం తప్పక మార్పించాలనీ చెప్పింది.

హైదరాబాదులో జరిగినది

2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుండి దొంగలు 12 కోట్ల 48 లక్షల రూపాయలు తరలించారు. 2021 నవంబరులో ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్ళ ద్వారా దొంగ ప్రోగ్రాము లోపలికి చేరిందని పోలీసుల దర్యాప్తులో తేలింది. మనం నొక్కే ప్రతి మీటనూ దొంగకు తెలిపే ప్రోగ్రాములు ఉన్నవి. అట్టిది లోపల కూర్చుంటే ఈ రోజు పెట్టిన కొత్త పాస్‌వర్డు కూడ ఈ రోజే దొంగకు చేరుతుంది.

ఎప్పుడు మార్చాలి?

1. కార్యదర్శి గాని గుమాస్తా గాని పని మానిన రోజునే.

2. యంత్రంతోపాటు కంపెనీవారు ఇచ్చిన పాస్‌వర్డును మొదటి రోజునే.

3. పరుల కంప్యూటరులో వాడినప్పుడు. నాంపల్లి స్టేషనులో దిగి, ఆబిడ్స్‌లో ఏదో నెట్ సెంటరులో సంఘం ఖాతా తెరిచారనుకోండి. ఊరు చేరగానే సంఘం కంప్యూటరులో మార్చండి.

4. పాత ఫోనును ఆబిడ్స్ జగదీష్ మార్కెట్టులోనో మరెక్కడో అమ్మదలచినప్పుడు. ముందు అందులోని ఖాతాలు, వివరాలు తుడిచివేయండి.

5. ఎవరైనా చూచినారని అనుమానం కలిగినప్పుడు.

మిగతా రోజులలో

ఒకదానితో ఒకటి పొత్తులేని నాలుగైదు మాటలు కలిపి పొడవైన పాస్‌వర్డు పెట్టుకోండి. మనిషికి ఒకటి, ఖాతాకు ఒకటి వేరుగా ఉండాలి. వీలున్నచోట ఫోనుకు వచ్చే ఓటీపీని కూడ జోడించండి. దానిని ఎవరికీ చెప్పవద్దు. తెలియని ఈ-మెయిలు తెరవవద్దు. డబ్బు పోయినట్లు తెలిస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

మీ సంఘంలో ఆలోచించండి

మన పాస్‌వర్డు ఎందరికి తెలుసు? పాత గుమాస్తా వెళ్ళిన తర్వాత మార్చామా? ఈ రెండు ప్రశ్నలను వచ్చే పాలకవర్గ సమావేశంలో అడగండి. పొద్దున్నే పాలు పోసే ప్రతి సభ్యునికీ ఆ జవాబు తెలుసుకునే హక్కు ఉంది.